ఏడో నంబరు బండి గడప

1
శుక్రవారం. పొద్దున మైనస్ నాలుగు.

ఇయ్యాల నా బిడ్డ నర్మద కాన్పుల బండి నడుపుకుంట ఇంటికొచ్చింది. ఈ ఒక్క ముక్క రాయడానికే పాత షాపు పెట్టెలోంచి ఈ నోట్‌బుక్ తీసిన. ఏడో తరగతి దాకా చదివి, నలభై ఏండ్లు పంచరు షాపు నడిపినోణ్ణి. పొడుగు రాతలు నాకు రావు. కానీ ఇది రాయకుంటే గుండె పగిలేటట్టుంది.

తెల్లటి బండి. రెండు పక్కల ఎర్ర రంగుతోటి తల్లీబిడ్డల బొమ్మ. నెత్తి మీద ఏడో నంబరు. మా బోరిగాం చుట్టూ పదకొండు ఊళ్ళల్ల ఏ ఆడమనిషికి నొప్పులొచ్చినా ఈ బండే పోవాలె. పిలుపు రాంగనే ఉరకాలె గనుక బండి డ్రైవరు వాకిట్లనే ఉండాలె అని నియమం. అందుకే మా వాకిట్ల ఏనుగు నిలబడ్డట్టు నిలబడ్డది. నేను దాని చుట్టూ పదిసార్లు తిరిగిన. మల్లవ్వ చూసి, "నా చుట్టు పెండ్లిల గూడ ఇన్నిసార్లు తిరగలే" అన్నది.

ఇంత సంతోషంల గూడ కోపం దిగుత లేదు. ఈ బండి రెండేండ్ల కిందనే రావాలె. డిపో ఇన్‌చార్జి గజానంద్, "ఆడమనిషి గుట్ట దారిల మంచు మీద నడుపుతదా" అని రెండు చలికాలాలు నా బిడ్డ పేరును పక్కకు నూకిండు. కుంటాల జలపాతం గడ్డకట్టి గోడ లెక్క నిలబడ్డ ఏడాది, ఆ గోడ కింద చిక్కిన పద్నాలుగు మందిని ట్రాక్టరు మీద తెచ్చింది ఎవరు? నర్మద. ఆ పూట గజానంద్ ఎక్కడున్నడు? హీటరు ముంగట.

సరే. మంచి రోజు మంచి మాట రాయాలె.

ఈ బండి తలుపుకు పిడి లేదు. అరచెయ్యి ఆనిస్తే లోపలి మోటరు లాగుతది, తలుపు పక్కకు జరుగుతది. అప్పుడు తలుపులకెళ్ళే, రేడియోల వార్తలు చదివే ఆమె లెక్క, ఒక గొంతు: "తలుపు తెరుచుకున్నది. దయచేసి మెట్టు చూసుకొని ఎక్కండి." మల్లవ్వ భయపడి కొంగు నెత్తి మీదికి లాక్కున్నది.

మల్లవ్వ చిన్న గిన్నెల పసుపు కలిపి తెచ్చింది. ఇంటి గడపకు శుక్రవారం ఆమె రాసేది చెంచాడు నీళ్ళల్ల తడిపిన పసుపు, రెండు వేళ్ళతోటి. నేను గిన్నె గుంజుకున్న.

"మొగోనివి, పసుపు నువ్వు రాస్తవా?"

"నా బిడ్డ బండి. నేనే రాస్త."

"బండికి గడపేంది బాపు?" అని నర్మద నవ్వింది. "అది మెట్టు."

"మనిషి కాలు పెట్టి లోపలికి పోయేదానికల్లా గడప ఉంటది. ఎంతమంది తల్లులు దాటుతరు దీన్ని! ఇంటి గడప కంటె పెద్దది ఇది."

గిన్నె సాలలేదు. రాగి చెంబునిండ కలిపిన. ముందు మంచినీళ్ళతోటి కడిగి, మీదికెళ్ళి పసుపునీళ్ళు పోసిన. పక్కనున్న పెద్ద తలుపుకు, డ్రైవరు తలుపుకు. ఐదైదు బొట్లు పెట్టిన. వెనక డిక్కీ సామాను ఎక్కించేది, దానికి గడప లేదు, వదిలేసిన. పొద్దు గుంకే యాళ్ళకు మీద గొంగడి కప్పిన. ఇయ్యాల నా అంత సుఖమైనోడు ఈ గుట్టల మీద లేడు.

2
శనివారం. పొద్దున మైనస్ ఏడు.

తలుపు తెరుచుకోలేదు.

ఎనిమిదింటికి డిపోల హాజరు చెప్పాలె. నర్మద ఏడున్నరకే గొంగడి తీసి అరచెయ్యి ఆనించింది. మోటరు గుర్రుమన్నది, ఆగింది. ఆ మహాతల్లి గొంతు: "తలుపు తెరుచుకొనుటకు సిద్ధంగా లేదు. దయచేసి ఓపిక పట్టండి."

చెప్పి ఊకున్నదా? భద్రత కోసమట, పది నిమిషాలు తాళం వేసుకున్నది. పది నిమిషాలయినంక మళ్ళ చెయ్యి పెడితే మళ్ళ అదే మాట. మళ్ళ పది నిమిషాలు. డ్రైవరు తలుపు గూడ అంతే. వెనక డిక్కీ తెరుస్తె లోపల సిలిండర్లు, పెట్టెలు కప్పు దాకా బిగించి ఉన్నయి, పిల్లి గూడ దూరదు.

ఓపిక పట్టాలెనట! నొప్పులొచ్చే ఆడమనిషికి ఓపిక పట్టుమని ఒక తలుపు చెప్తదా? మాట్లాడుడు నేర్చుకున్నది, తెరుచుకునుడు నేర్చుకోలేదు. నా షాపు షట్టరు నలభై ఏండ్లల్ల ఒక్క మాట మాట్లాడలే, ఒక్కనాడు తెరుచుకోకుంట ఉండలే. నేను తలుపును నోటికొచ్చినట్టు తిట్టిన. పక్కింటి ఇస్తారి గోడ మీదికెళ్ళి చూసి, "లస్మన్నా, ఎవల్ని తిడుతున్నవే పొద్దుగాల?" అన్నడు.

"తలుపును."

"జవాబు చెప్తున్నదా?"

"అదే కదరా నా బాధ!"

పొద్దెక్కి ఎండ తగిలినంకనే తెరుచుకున్నది. ముప్పై అయిదు నిమిషాలు ఆలస్యం. నర్మద పేరు మీద ఎర్ర గీత. మూడు ఎర్ర గీతలు పడితే బండి వేరేటోళ్ళకు పోతదట. మొదటి గీతకే నా బిడ్డ ముఖం సున్నం కొట్టినట్టయింది.

3
సోమవారం. మైనస్ అయిదు.

డిపోకు పోయిన. నర్మద వద్దన్నది. నేను వింటనా?

గజానంద్ కుర్చీల కూసొని, "రా లస్మన్న కాకా, చాయ తాగుతవా" అన్నడు.

"నీ చాయ నాకొద్దు. తెరుచుకోని తలుపు నా బిడ్డకు ఎందుకిచ్చినవ్?"

"పది బండ్లున్నయి కాకా. అన్నీ ఒకటే కంపెనీయి. గొంగడి సరిగ్గ కప్పకపోతె అట్లనే అయితది."

"గొంగడి కప్పింది నేను. నలభై ఏండ్లు రబ్బరుతోటి బతికిన. నాకు నేర్పుతవా?"

"నోటి మాట నడవదు. బండి లోపమే అంటవా, రాసియ్యి. పొద్దున లేచిన కాడికెళ్ళి పొద్దు గుంకే దాకా, ఆ బండికి ఎవరేం చేసిండ్రో, ఎంత చలి ఉన్నదో, అన్ని రాసియ్యి. నేను పైకి పంపుత."

రాస్త. ఎందుకు రాయ! ఈ నోట్‌బుక్ సంతోషం కోసం తీసిన, ఇక ఇది సాక్ష్యం. ఒక్క సంగతి దాయను. కంపెనీ, గజానంద్, ఆ వార్తలామె, అందరు ఇందులకే రావాలె.

4
బుధవారం. మైనస్ ఆరు.

పొద్దున ఆరింటికి పిలుపు. గుట్ట కింది గూడెంల ఒక ఆడిబిడ్డకు నొప్పులు. నర్మద చెయ్యి పెట్టంగనే తలుపు వెన్న కోసినట్టు జరిగింది. "మెట్టు చూసుకొని ఎక్కండి" అన్నది ఆ నంగనాచి. శనివారం ఏమయింది నీకు, అని అడిగిన.

దవాఖానకు పోయిన అరగంటకు మగపిల్లగాడు పుట్టిండట. నా బిడ్డ చేతి మీదికెళ్ళి లోకంలకు వచ్చిన మొదటి ప్రాణం! నేను ఊరంత బెల్లం పంచిన. ఇస్తారి కోడలు కౌసల్యకు రెండు ముక్కలు ఇచ్చిన, ఆమెకు నెలలు నిండుతున్నయి. "తాతా, నీకే మనుమడు పుట్టినట్టున్నదే" అన్నది. పుట్టినట్టే అని చెప్పిన.

మంచు గీకుడు, నీళ్ళ పైపుకు గోనెసంచి చుట్టుడు, బఠానీ చేనుకు గడ్డి కప్పుడు, ఇయ్యే ఇయ్యాల్టి పనులు. నేను పెండ్లి కావాల్సిన వయసుల ఉన్నప్పుడు ఎండలు తగ్గాలని ఆకాశంల దుమ్ము పరదా పరిచిండ్రు. ఎండలు తగ్గినయి, తగ్గుడు మాత్రం ఆగలేదు. పత్తి పోయింది. ఆపిల్ వస్తదన్నరు, రాలేదు. బఠానీ వచ్చింది, మంచు వచ్చింది. పరదా పరిచినోళ్ళు మళ్ళ ఇటు రాలేదు. ఒక్కడు కండ్లబడితే రెండు అడుగుదామనుకుంట.

5
శుక్రవారం. మైనస్ ఆరు.

ఆలోచన చేసిన. పుట్టిన పిల్లగాని ముచ్చట ఊళ్ళన్ని పాకింది. కొత్త బండి, తెల్ల బండి, ఆడమనిషి నడిపే బండి. దిష్టి తగులకుంట ఉంటదా? మొదటి శనివారం అదే అయి ఉంటది.

ఇయ్యాల రెండు చెంబులు కలిపిన. గడప ఒక్కటే గాదు, తలుపు చుట్టూ నల్ల రబ్బరు పట్టీ ఉంటది గదా, దాని మీద గూడ మీదికెళ్ళి కింది దాకా పోసిన. దిష్టి సందుల్లకెళ్ళే దూరుతది. సందు వదలొద్దు.

మల్లవ్వ, "పసుపు రాస్తున్నవా, బండికి తానం పోస్తున్నవా" అన్నది.

"నీకేం తెలుసే. నా బిడ్డ బండి."

"నేను కనలేదా బిడ్డను?"

నర్మద ఇంట్ల పండుకున్నది, పగలంత రెండు సార్లు గుట్ట ఎక్కి దిగింది. ఆమె లేవకముందే పని ముగించి గొంగడి కప్పిన. సంతోషంగ ఉన్నది.

6
శనివారం. మైనస్ తొమ్మిది.

మళ్ళ! మళ్ళ అదే! "సిద్ధంగా లేదు, ఓపిక పట్టండి."

ఇస్తారి ఉరికొచ్చి కొబ్బరినూనె రుద్దుమన్నడు. రుద్దితే అది రబ్బరు మీదనే మైనం లెక్క గడ్డకట్టి తెల్లగ అంటుకున్నది. నేను కోపంల పొయ్యి మీది ఉడుకునీళ్ళ బిందె తెచ్చి తలుపు మీద గుమ్మరించిన. పొగ లేసింది. ఒక్క నిమిషం సంబరం. రెండో నిమిషానికి ఆ నీళ్ళు సందుల్లకు దిగి, ముందటి కంటె గట్టిగ, అద్దం లెక్క గడ్డకట్టినయి. ఇస్తారి నన్ను చూసిండు, నేను ఇస్తారిని చూసిన.

"బాపు, ఇగ చాలు," అన్నది నర్మద. కోపం చెయ్యలే. అదే నాకు ఎక్కువ తగిలింది. మంచు మీద గొంతుక్కూసొని, గోరువెచ్చటి ఇసుక సంచి తలుపుకు ఆనించుకుంట గంటసేపు కాపలా కాసింది. గంటకు తెరుచుకున్నది.

రెండో ఎర్ర గీత.

7
మంగళవారం. మైనస్ ఎనిమిది.

కంపెనీకి ఫోన్ చేసిన. మనిషి ఎత్తలే, మిషినే ఎత్తింది. గొంతు మాత్రం అదే, తలుపులామె!

"మీ సమస్యను వివరించండి."

"నువ్వే నా సమస్య!"

"మీ సమస్య నమోదు అయినది. దయచేసి ఓపిక పట్టండి."

ఫోన్ గోడకు కొట్టబోతె మల్లవ్వ చెయ్యి పట్టుకున్నది.

తరువాత కూసొని ఈ నోట్‌బుక్ చదివిన. రెండు సార్లు, రెండూ శనివారాలే! ఆదివారం తెరుచుకుంటది, బుధవారం తెరుచుకుంటది, శనివారమే మొరాయిస్తది. ఇది కంపెనీ సంగతి గాదు, ఇది శని సంగతి! శనేశ్వరుడే తలుపు పట్టుకొని కూసుంటున్నడు. నర్మదకు చెప్పిన.

"శనికి ఈ గుట్టల మీద ఇంక పనేం లేదా బాపు?" అన్నది. ఆమె చేతులాడుతున్నయి. బండి వెనక సిలిండర్లు, పెట్టెలు అన్ని ఒక పక్కకు జరిపి బిగిస్తున్నది. నడుమ సన్నటి సందు వదిలింది.

"అదెందుకు బిడ్డా?"

"పక్క తలుపు రాకపోతె ఇటుకెళ్ళి పాక్కుంట పోవచ్చు. ఎవరన్న నొప్పులతోటి ఉన్నప్పుడు ఆ తలుపును నమ్ముకొని కూసుంటనా?"

నా బిడ్డ తెలివి చూడుండ్రి! గజానంద్, నువ్వు గూడ చూడు, ఇది చదువుతవు గదా.

8
శుక్రవారం. మైనస్ ఎనిమిది.

ఇయ్యాల శనికి చోటు ఇయ్యద్దని తీర్మానం చేసుకున్న. చెంబు లేదు గిన్నె లేదు, బకెటు కలిపిన. పసుపు డబ్బ ఖాళీ అయింది. గడపకు, రబ్బరుకు, తలుపు జరిగే పట్టాలకు, కింద, మీద, లోపటికి, బయటికి పోసిన. చల్లటి నీళ్ళకు నా వేళ్ళు మొద్దుబారినయి. పసుపు రంగు చెయ్యి చూసుకొని నవ్వుకున్న.

కౌసల్య వాకిట్ల కుర్చీ వేసుకొని, పొట్ట మీద చేతులు పెట్టుకొని చూస్తున్నది.

"తాతా, బండికి పెండ్లి చేస్తున్నవా? పిల్లగాడు ఎవరు?"

"నీ కడుపులోడే అయితడేమో."

"పిల్ల అయితె?"

"పిల్ల అయితె నడుపుతది!"

పగలబడి నవ్వింది. వారం పది రోజులల్ల ఆమెనే ఈ గడప దాటుతది. అందుకోసం గూడ ఇంకో చెంబు పోసిన.

9
శనివారం. మైనస్ పదకొండు.

రాయబుద్ధి అయితలేదు. అయినా ఒక్క సంగతి దాయనని రాసిన గదా.

తెల్లారి ఆరున్నరకు ఇస్తారి గోడ దూకి వచ్చిండు. "లస్మన్నా! కోడలుకు నొప్పులు! ఉమ్మనీరు పోయింది!"

నర్మద అప్పటికే గొంగడి గుంజుతున్నది. చెయ్యి ఆనించింది. మోటరు మూలిగింది. "తలుపు తెరుచుకొనుటకు..."

మిగతాది నేను విన్లేదు. కౌసల్య మల్లవ్వ భుజం పట్టుకొని మంచుల నిలబడ్డది. నిన్న నవ్విన పిల్ల. ఒక నొప్పి వచ్చి మోకాళ్ళ మీద కూలబడ్డది. "తాతా, తలుపు తెరువు," అన్నది. నర్మదను అడగలే, ఇస్తారిని అడగలే. నన్నే అడిగింది.

షాపు పెట్టెలకెళ్ళి టైరు ఊడదీసే ఇనుప పట్టీ తెచ్చిన. అద్దం మీదికి ఎత్తిన.

"బాపు, కొట్టకు!" నర్మద కేక. "అద్దం పోతె లోపల వెచ్చదనం ఉండదు. దారిల బిడ్డ పుడితె చలికి సస్తది!"

వెనకకు ఉరికింది. డిక్కీ టప్పున తెరుచుకున్నది. నా బిడ్డ ఆ సందుల్లకెళ్ళి పాముపిల్ల లెక్క పాక్కుంట స్టీరింగు దాక పోయింది. హీటరు వేసింది. మళ్ళ వెనకకొచ్చి, "గొంగడి పరువుండ్రి, ఆమెను గొంగడి మీద లోపలికి జరుపుండ్రి," అని చెప్పుకుంట కౌసల్యను చంకల కింద పట్టుకున్నది. నేను, ఇస్తారి కాళ్ళకాడ పట్టుకున్నం. మల్లవ్వ గూడ వెనకకెళ్ళే ఎక్కింది.

నేను అప్పుడు గూడ ఊకోలే. పక్క తలుపు సందుల ఇనుప పట్టీ పెట్టి రబ్బరు లేపుతున్న, తిట్టుకుంట. రబ్బరు కిందికెళ్ళి అరచేయంత మంచు పెచ్చు ఊడి పడ్డది. నన్ను ఆపనీకి దిగిన నర్మద దాన్ని చూసి ఆగింది. వంగి తీసింది. నా చేతుల పెట్టింది.

"బాపు, మంచు పసుపు రంగుల ఉంటదా?"

అంతే అన్నది. డిక్కీకెళ్ళే ఎక్కి, లోపలికెళ్ళి దాన్ని గుంజి మూసి, బండి తీసుకొని పోయింది.

అదే రోజు, పగలు.

వాకిట్లనే కూసున్న. మంచు పెచ్చు చేతుల కరిగిపోయింది. నీళ్ళు కారిపోయినయి, పసుపు మిగిలింది. అరచెయ్యి నిండ.

నోట్‌బుక్ తెరిచిన. శుక్రవారం, చెంబు. శనివారం. శుక్రవారం, రెండు చెంబులు. శనివారం. శుక్రవారం, బకెటు. శనివారం. నా చేతితోటి నేనే రాసిన. శని ఎక్కడ ఉన్నడు ఇందుల? కంపెనీ ఎక్కడ ఉన్నది? గజానంద్ చెయ్యి గూడ ఇందుల లేదు.

టైరుకు ట్యూబు ఎక్కించేముందు నడుమ చుక్క తడి ఉండద్దు, బట్టతోటి తుడువాలె, పొడి చల్లాలె. ఈ మాట ఎంతమందికి చెప్పిన నలభై ఏండ్లల్ల! తడి రబ్బరును పట్టుకుంటదని, రాత్రి చలికి గడ్డకట్టి తలుపును అతుకుతదని నాకు చెప్పేటోడు కావాల్నా? బిడ్డ బండి వచ్చిందన్న సంతోషం కండ్లకు కమ్మింది. మల్లవ్వ రెండు వేళ్ళతోటి చేసే పనిని నేను బకెటుతోటి చేసిన. మనిషికి కోపం వస్తె తిట్టనీకి ఎదురుంగ ఒకడు ఉండాలె. ఇయ్యాల ఎవ్వరు లేరు. ఆ తలుపులామెను గూడ తిట్టలేకపోయిన. ఆమె నిజమే చెప్పింది, సిద్ధంగ లేదని.

పదకొండు గంటలకు మల్లవ్వ ఫోన్ చేసింది. పిల్ల పుట్టింది. దవాఖాన గేటు కాడ, బండిలనే. తల్లి మంచిగున్నది, పిల్ల మంచిగున్నది. ఏడ్చిన. సంతోషానికి సగం, సిగ్గుకు సగం.

మూడో ఎర్ర గీత గూడ పడ్డది. పక్క తలుపు రాలేదని బండే తనంతట తాను డిపోకు చెప్పుకున్నదట. సోమవారం విచారణ.

10
సోమవారం. మైనస్ ఏడు.

నర్మద, "నోట్‌బుక్ తీసుకురాకు బాపు, నేనే ఏదో ఒకటి చెప్పుకుంట," అన్నది. నన్ను కాపాడుతున్నది! ముప్పై నాలుగేండ్ల బిడ్డ డెబ్బై ఒక్క ఏండ్ల తండ్రిని! నాకు ఒళ్ళు మండింది. నోట్‌బుక్ చంకల పెట్టుకొని ఆమె కంటె ముందు ఎక్కి కూసున్న.

గజానంద్ ముందల పెట్టిన. "చదువు. గట్టిగ చదువు."

చదివిండు. హీటరు ముంగట కూసున్న మాట కాడ నా దిక్కు చూసిండు. నేను తల దించలే. బకెటు కాడికి వచ్చేసరికి ఆయన మీసం కింద నవ్వు కదిలింది. గది చివర నిలబడ్డ డ్రైవర్లు కిసకిస. నవ్వనీయి.

"అయితె లోపం నీదంటవు, కాకా."

"నాదే. గీత నా పేరు మీద గీయి."

"ఫారంల మూడు గడులే ఉన్నయి. డ్రైవరు తప్పు, బండి లోపం, వాతావరణం. తండ్రి తప్పు అని గడి లేదు."

"లేకపోతె గీయి! పెన్ను లేదా? ఈ పిల్ల పాక్కుంట పోయి ఇద్దరి ప్రాణాలు కాపాడింది. నీ మూడు గడులల్ల ఆమెను ఎక్కడ ఇరికిస్తవ్?"

గజానంద్ నోట్‌బుక్‌ల ఏదో వెతుకుతున్నడు. "శుక్రవారం... శనివారం..." అని గొణిగిండు. లేచి కిటికీ కాడికి పోయిండు. కింద ఆయన సొంత బండి నిలబడి ఉన్నది. నేను గూడ పోయి చూసిన. తలుపు కింద గడప మీద పసుపు, పక్కన కుంకుమ బొట్లు.

"మా అమ్మ," అన్నడు మెల్లగ. "ప్రతి శుక్రవారం కడిగి రాస్తది. నేను బ్యాటరీ అనుకుంటున్న."

"నువ్వు గూడ శనివారం ఆలస్యంగనే వస్తున్నవా?"

కిటికీ తలుపు దగ్గరికి వేసిండు.

"నీకు నువ్వు ఎన్ని ఎర్ర గీతలు గీసుకున్నవు గజానంద్?"

ఈ మాట నేను అరవలే. ఇన్ని రోజులల్ల మెల్లగ మాట్లాడింది ఇదొక్కటే. గదిల ఎవ్వరు నవ్వలే. వెనక నిలబడ్డ ఒక డ్రైవరు, "సార్, మా ఇంట్ల గూడ కడుగుతరు," అన్నడు. ఇంకొకామె, "మాది శుక్రవారం గాదు, మంగళవారం. నాకు బుధవారం గీత పడ్డది," అన్నది.

గజానంద్ వచ్చి కూసున్నడు. స్కేలు తీసుకొని ఫారం మీద నాలుగో గడి గీసిండు. దాని మీద "ఇంటివాళ్ళ ప్రేమ" అని రాయబోయిండు, నేను ఒప్పుకోలే.

"ప్రేమ గీమ అని దాన్ని తీపి చెయ్యకు. తప్పు అని రాయి."

"ఇంటివాళ్ళ తప్పు" అని రాసి నా సంతకం తీసుకున్నడు. నర్మద పేరు మీది మూడు గీతలు కొట్టేసిండు. నాకు శిక్ష గూడ వేసిండు: మిగతా తొమ్మిది మంది డ్రైవర్ల ఇండ్లకు పోయి రబ్బరు ఎట్ల చూసుకోవాల్నో చెప్పాలె. పదో ఇల్లు ఆయనది. "అమ్మకు నువ్వే చెప్పు కాకా, నేను చెప్తె వినది," అన్నడు.

బయటికి వచ్చినంక నర్మద నా చెయ్యి పట్టుకున్నది. మంచు మీద జారుతనని కావచ్చు.

11
శుక్రవారం. మైనస్ పది.

పది ఇండ్లు తిరిగిన. అందరికి ఒకటే చెప్పిన. గొంగడి కప్పే ముందు రబ్బరు పట్టీని పొడిబట్టతోటి తుడువుండ్రి, సందులల్ల వేలు పెట్టి తుడువుండ్రి. తరువాత గ్లిజరిన్ పలుచగ రాయుండ్రి. షాపుల కొత్త ట్యూబులు ఎండిపోకుంట మేము అదే రాసేటోళ్ళం, అది ఈ చలికి గడ్డకట్టది, రబ్బరును తినది. కొబ్బరినూనె వద్దు. ఉడుకునీళ్ళు అసలే వద్దు, అడుగుండ్రి నన్ను.

గజానంద్ తల్లి ఎనభై ఆరేండ్ల మనిషి. అంత విని, "పసుపు మానుమంటవా?" అని నన్ను చూసిన చూపుకు డిపో అంత కలిసినా నిలబడలేదు.

"మానుమంటనా పెద్దమ్మా? నీళ్ళు మానుండ్రి. పసుపును గ్లిజరిన్‌ల కలిపి, గడప ఇనుము మీద రెండు వేళ్ళతోటి రాయుండ్రి."

"రెండు వేళ్ళతోటేనా?"

"రెండే."

ఇంటికొచ్చి మల్లవ్వకు గిన్నె ఇచ్చిన. ఆమె తీసుకోలే. "నువ్వే రాయి. ఇప్పుడు నేర్చుకున్నవు గదా," అన్నది. రాసిన. రెండు వేళ్ళతోటి. మూడో వేలు పోదామని చూసింది, పోనియ్యలే.

12
శనివారం. మైనస్ పన్నెండు.

ఈ చలికాలంల ఇంత చలి ఇదే. పొద్దుగాల కౌసల్యను, పిల్లను దవాఖానకెళ్ళి తేవాలె. నర్మద గొంగడి తీసింది. చెయ్యి ఆనించకముందు నా దిక్కు చూసింది. నేను గోడ దిక్కు చూసిన.

మోటరు గుర్రుమన్నది. తలుపు జరిగింది.

ఇస్తారి గోడ మీదికెళ్ళి చప్పట్లు కొట్టిండు. నేను వాకిట్ల ఎగిరిన, డెబ్బై ఒక్క ఏండ్లకు ఎంత ఎగరొచ్చో అంత. మల్లవ్వ, "జారి పడితె నిన్ను గూడ డిక్కీకెళ్ళే ఎక్కిస్తరు," అన్నది.

తొమ్మిదింటికి బండి తిరిగొచ్చింది. లోపల కౌసల్య, గొంగడిల చుట్టిన ఎర్రటి ముద్ద. వెనకకెళ్ళి గొంగడి మీద పోయిన మనిషి ఇప్పుడు పక్క తలుపుకెళ్ళి నిటారుగ దిగాలె. పసుపు గీత మెరుస్తున్నది. కౌసల్య కాలు ఎత్తి, దాన్ని తొక్కకుంట దాటింది.

"తాతా, పట్టుకో," అని పిల్లను నా చేతుల పెట్టింది. "నడుపుతదన్నవు గదా."

ఇగ ఏం రాయాలె? చేతులు ఖాళీ లేవప్పుడు. పిల్ల కండ్లు తెరిచి నన్ను చూసింది. అంతల వెనకకెళ్ళి ఆ గొంతు: "దయచేసి మెట్టు చూసుకొని దిగండి."

నాకు మళ్ళ కోపమొచ్చింది. పిల్ల బెదరకుంట, తలుపు దిక్కు తిరిగి, మెల్లగనే చెప్పిన.

"మెట్టు గాదే. గడప."